మిద్దె మీది ఎండ

మా వంటింటి తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. నా చేతిరాతే. పదకొండుకు మోటారు, పన్నెండుకు గ్రైండరు, ఒంటిగంటకు బట్టల మిషను, మూడుకు ఇస్త్రీ, సాయంత్రం ఆరు దాటితే ఏదీ వద్దు. ఇదీ అందులో ఉన్నది. 2024 శ్రావణంలో మిద్దె మీద సోలారు పలకలు వేయించాక వారం తిరక్కుండా రాసి అంటించాను. ముప్పై ఏళ్ళు హోసూరు సిప్‌కాట్‌లో ఒక కార్ఖానాలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చూసినవాణ్ణి. ఇలాంటి పట్టికలు రాయడం నాకు బాగా చేతనైన పని. మా ఆవిడ దాన్ని చదివి, "నన్ను సూర్యుడి దగ్గర జీతానికి కుదిర్చినట్టుందే" అంది. నవ్వి ఊరుకున్నాను. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆమె ఒక కునుకు తీసే అలవాటు ఆ రోజుతో పోయిందని నాకు చాలా నెలల తర్వాత గాని తెలియలేదు. నేను రాయబోయేది ఆమె కునుకు గురించి కాదు. అయినా అదీ లెక్కలోకి వస్తుంది గనక ముందే చెబుతున్నాను.

మా ఇంటి వెనకవైపు కింద ఒక చిన్న పోర్షను బాడుగకు ఇచ్చాం. డెంకణికోట దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుటుంబం, మన తెలుగువాళ్ళే. ఆయన లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. ఆ అమ్మాయి ఒక కంపెనీలో పనికి పోతుంది. పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సు ఎక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నరో, ఏడో. బడికి పోయే పిల్లలు ఇద్దరు. నన్ను పెదనాయనా అనీ, మా ఆవిడను పెద్దమ్మా అనీ పిలుస్తుంది.

2025 ఎండాకాలంలో ఒకనాటి రాత్రి ఏడున్నరకు కింద గ్రైండరు మోత వినబడింది. నాలోని పాత మెయింటెనెన్సు మనిషి ఊరుకోలేదు. మెట్లు దిగి వెళ్ళి, "పాపా, ఈ వేళలో కరెంటుకు గిరాకీ ఎక్కువమ్మా. పగలైతే మన మిద్దె మీదే పండుతుంది. పగలు రుబ్బుకోరాదా?" అన్నాను.

ఆమె చేతికంటిన పిండి తుడుచుకుంటూ, "పగలు రుబ్బమని పగలు ఇంట్లో ఉండేవాళ్ళకు చెప్పు పెదనాయనా. నా పగలు కంపెనీవాళ్ళు కొనుక్కున్నారు" అంది. కోపం లేదు ఆ మాటలో. నేను తిరిగి మెట్లు ఎక్కుతుంటే వెనక నుంచి, "అయినా యూనిట్టుకు ఎనిమిది రూపాయలు కడుతూనే ఉన్నాను గదా" అని మెల్లగా అంది.

మొదటి మాటకు జవాబు వెతుక్కుంటూ పైకి వచ్చాను. రెండో మాట పడుకున్నాక తగిలింది.

మొదటి మాట సంగతి ముందు చూద్దాం. కరెంటు పని తెలియనివారు మన పాఠకుల్లో ఎందరో ఉంటారు గనక రెండు ముక్కలు చెప్పక తప్పదు. కరెంటు గాదెలో పోసుకునే రాగుల వంటిది కాదు. మన ఇంట్లో దీపం వెలిగే క్షణానికి ఎక్కడో ఒకచోట అంత కరెంటు పుడుతూ ఉండాలి. దాచుకునే మార్గాలు లేకపోలేదు. బ్యాటరీలు ఉన్నాయి. కోయంబత్తూరు జిల్లా కడంపారైలో 400 మెగావాట్ల కేంద్రం 1980ల చివరి నుంచి ఉంది. గిరాకీ లేని వేళ కిందినీళ్ళను పైకి తోడిపెట్టి, గిరాకీ వేళ వాటినే కిందికి వదిలి కరెంటు తీస్తారు. కాని దేశమంతటి సాయంత్రానికి ఇవన్నీ కలిపినా చాలవు. మిట్టమధ్యాహ్నం ఎండ నుంచి వచ్చే కరెంటు సమృద్ధిగా ఉంటుంది, దానికి బొగ్గు ఖర్చు లేదు. సాయంత్రం ఏడుకు ఎండ ఉండదు. సరిగ్గా అదే వేళకు కోట్ల ఇళ్ళల్లో దీపాలూ ఫ్యాన్లూ టీవీలూ ఏసీలూ ఒకేసారి మొదలవుతాయి. పగలంతా మంట తగ్గించి ఉంచిన బొగ్గు కేంద్రాలను అప్పుడు పెంచాలి. మీటరుకు ఈ తేడా తెలియదు, దానికి అదీ ఒక యూనిట్టే, ఇదీ ఒక యూనిట్టే. మనిషికి తెలిసి ఉండాలి.

మా హోసూరు ప్రాంతం వాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. రాయకోట మార్కెట్టులో టమాటా సంగతి ఎరగనివారెవరు? ఒక నెల బుట్టలకొద్దీ రోడ్డు పక్కన పారబోసి వెళతారు. 2023 జులైలో అదే టమాటా కిలో నూరు రూపాయలు దాటింది. ఇప్పుడు ఒక రైతు కాపు ముమ్మరంగా ఉన్న నెలలో పొరుగువాడికి పది బుట్టలు ఇచ్చి, ధర మండే నెలలో "నా పది బుట్టలు నాకిచ్చెయ్" అని అడిగాడనుకోండి. బుట్టకు బుట్ట సరిపోయింది. న్యాయం సరిపోయిందా? నెట్‌మీటరు పెట్టుకున్న మాబోటివాళ్ళం రోజూ చేస్తున్నది ఇదే. మధ్యాహ్నం మిగిలిన యూనిట్టు తీగలోకి వదులుతాం, రాత్రి దానికి బదులు మరో యూనిట్టు తీసుకుంటాం. ఆ తేడా ఎవరో భరిస్తున్నారు. మా బిల్లులో గ్రిడ్డు వాడుకున్నందుకని కొంత చార్జీ పడుతుంది. "మన ఇంట్లో పండిన కరెంటుకు మనమే డబ్బు కట్టాలా" అని మా వీధిలో పలకలు వేయించినవారందరూ గొణుగుతారు. మొదట్లో నేనూ గొణిగాను. ఇప్పుడు గొణగను. గోడౌనులో సరుకు దాచుకుంటే గోడౌను బాడుగ కట్టమా?

గంటను బట్టి ధర అన్నది కార్ఖానాలకు కొత్త కాదు. తమిళనాట పెద్ద కార్ఖానాలకు పొద్దునా సాయంత్రమూ గిరాకీ వేళల్లో వాడిన కరెంటుకు పాతిక శాతం అదనం వేస్తారు. రాత్రి పదినుంచి తెల్లవారుజాము దాకా కొంచెం తగ్గిస్తారు. మా కార్ఖానాలో ఆ అదనం తప్పించడానికి ఏ కొలిమి ఏ గంటకు వెలిగించాలో, ఏ కంప్రెసరు ఏ గంటకు ఆపాలో పట్టిక తయారు చేసేవాణ్ణి నేనే. దానికి మేనేజరు నన్ను మెచ్చుకునేవాడు కూడాను. కాగితం మీద నేను జరిపింది కిలోవాట్లను. కాని కొలిమి రాత్రి పదకొండుకు జరిగితే కొలిమి ముందు నిలబడే మనిషీ రాత్రి పదకొండుకు జరగవలసిందే. నిద్ర పాడై, అజీర్తి పట్టి, పిల్లల ముఖం పగటిపూట కూడా చూడలేక కొందరు నా పట్టికను తిట్టుకునేవారని నాకు తెలుసు. తెలిసినా, అది కరెంటు ధర చేసిన పని, నాది కాదనుకునేవాణ్ణి.

ఇంట్లో పట్టిక రాసినప్పుడు కూడా నేను యంత్రాలను జరిపాననే అనుకున్నాను. మోటారుకు గంట మారితే మోటారుకేమీ కాదు, టైమరు పెడితే అదే తిరుగుతుంది. గ్రైండరు అలా కాదు. పప్పు పోసి, నీళ్ళు చిలకరించి, పక్కన నిలబడే మనిషి ఉండాలి. మన ఇళ్ళల్లో ఆ మనిషి ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఈ గంటల ధర ఇళ్ళ దాకా వస్తోంది. 2023 జూన్‌లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల నియమాలను సవరించింది. ఎండ ఉండే ఎనిమిది గంటలకు మామూలు ధరకన్నా కనీసం ఇరవై శాతం తక్కువ, గిరాకీ వేళ ఇళ్ళకు కనీసం పది శాతం ఎక్కువ ఉండాలని అందులో ఉంది. పది కిలోవాట్లు మించిన వ్యాపారాలకూ పరిశ్రమలకూ 2024 ఏప్రిల్ 1 నుంచి, వ్యవసాయం తప్ప తక్కిన అందరికీ 2025 ఏప్రిల్ 1 నుంచి అని గడువు పెట్టారు. స్మార్ట్ మీటరు బిగించిన ఇంటికి బిగించిన వెంటనే వర్తించాలన్నారు. మా ఇంటి బిల్లులో ఈ లెక్క ఇంకా కనబడలేదు. బళ్ళారిలో, షోలాపురంలో, బరంపురంలో, యానాంలో ఈ పత్రిక చదివేవారు తమ తమ బిల్లులు తిప్పి చూసుకోవచ్చు. ఎవరి రాష్ట్రం దారి వారిది.

ఈ ధర అన్యాయం అని కొట్టిపారేయలేను. ఆ అమ్మాయి మాట విన్న వేడిలో మొదట అలాగే అనుకున్నాను. పగలు ఇంట్లో కూర్చునే నాబోటి రిటైరయినవాడికి చవక, పగలంతా ఒళ్ళు వంచి వచ్చినదానికి ప్రియం, ఇదేం ధర్మం అని. రెండు రోజులు పోయాక మరో పక్క కనబడింది. రాత్రి ఏడుకు నిజంగానే ఖర్చు ఎక్కువ. ధర ఒకటే ఉంటే ఆ ఎక్కువ ఖర్చు మాయం కాదు, అందరి మీదా సమానంగా పడుతుంది. రాత్రి వేళ రెండు మూడు ఏసీలు నడిపే మేడకూ, ఒక ఫ్యానూ రెండు దీపాలూ ఉన్న కింది పోర్షనుకూ కలిపి. ఏసీల మీద పది శాతం చాలా అవుతుంది, ఫ్యాను మీద పది శాతం కొద్దిగానే అవుతుంది. ఆ రకంగా చూస్తే గంటల ధర పేదవాడికి శత్రువు కానవసరం లేదు.

నాకు తట్టినంతలో చిక్కు ధరలో లేదు, జరగగలగడంలో ఉంది. ఇద్దరికి ఒకే ధర పెట్టి, "తప్పించుకోవచ్చు, మీ ఇష్టం" అన్నారు. ఒకడికి టైమరున్న బట్టల మిషను ఉంది, మిద్దె ఉంది, తీరిక ఉంది. ఇంకొకరికి రోజులో ఇంట్లో మెలకువగా ఉండే గంటలే ఐదారు, అవి కూడా గిరాకీ వేళలోనే. ఇష్టం అన్న మాట మొదటివాడి విషయంలో నిజం, రెండోవారి విషయంలో అబద్ధం. జరగగలిగినవాడు జరగాలి, అది అతని బాధ్యత, అంతవరకు నా పట్టిక సబబే. జరగలేనివారి దగ్గరకు పోయి ఆ పట్టిక చదివి వినిపించడం సబబు కాదు. అంతేగాక, నేను ఒంటిగంటకు బట్టలు ఉతుక్కుంటే సాయంత్రం తీగ మీద బరువు కాస్త తగ్గుతుంది, ఆ తగ్గిన చోటున ఆమె గ్రైండరు తిరుగుతుంది. అలా అనుకోవాలి గాని, నేను త్యాగం చేస్తుంటే ఆమె పాడు చేస్తోందని అనుకోకూడదు. నేను అచ్చంగా అలాగే అనుకుని మెట్లు దిగాను మరి.

చీకటి పంచుకోవడంలోనూ ఇదే జరిగింది ఒకప్పుడు. 2012 నాటి కోతలు తమిళనాట ఎవరూ మరచిపోలేదు. చెన్నైకి రోజుకు రెండు గంటలు. జిల్లాల్లో మాకు పది గంటలు దాటిన రోజులు ఎన్నో. కరువు ఒక్కటే, దాని భారం ఊరిని బట్టి. అప్పుడు నేను టీకొట్టు దగ్గర నిలబడి ఆవేశంగా మాట్లాడేవాణ్ణి. ఇంటి దాకా వచ్చేసరికి నేనే చెన్నై అయ్యాను, కింది పోర్షను జిల్లా అయింది.

పలకల గురించి ఇంకో సంగతి చెప్పాలి, నాకు చాలా నచ్చిన సంగతి. బ్యాటరీ లేని మామూలు సోలారు ఇన్వర్టరు, వీధిలో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం, పైన నిప్పులు చెరిగే ఎండ, అయినా మా ఇంట్లో ఫ్యాను తిరగదు. పక్కింటాయన దీన్ని మోసం అంటాడు. మోసం కాదు. కరెంటు తీసేశామనుకుని లైనుమాను స్తంభం ఎక్కి తీగ పట్టుకుంటాడు. ఆ వేళ మా మిద్దె నుంచి కరెంటు తీగలోకి ఎదురు పారితే అతని ప్రాణం పోతుంది. అందుకే ఆ ఏర్పాటు. తీగకు అవతల మనిషి ఉన్నాడన్న గుర్తు ఆ పెట్టెలో పెట్టారు. మా ఇంటి కింద మనిషి ఉందన్న గుర్తు నాకు ఎవరూ పెట్టలేదు.

ఇక ఎనిమిది రూపాయల మాట.

తమిళనాట 2016 మే నుంచి ప్రతి ఇంటి సర్వీసుకూ రెండు నెలలకు నూరు యూనిట్లు ఉచితం. ఆపైన స్లాబులు. రెండు నెలలకు ఐదువందలు దాటితే స్లాబే మారిపోయి ధర ఎగబాకుతుంది. మా వాడకం నెలకు రెండువందల యూనిట్లు, కింది పోర్షనుది అరవై. వాళ్ళకు వేరే సర్వీసు లేదు, నేను బిగించిన చిన్న మీటరే. వాళ్ళవి కలిస్తే మాకు ఐదువందలు దాటుతోంది గనక యూనిట్టుకు ఎనిమిది రూపాయలని పెట్టాను. మా వీధిలో చాలామంది బాడుగలకిచ్చేవాళ్ళు అంతే తీసుకుంటారు. ఉచితం నూరు యూనిట్లలో వాళ్ళ పాలు ఇవ్వాలన్న ఆలోచన నాకే కాదు, ఎవరికీ వచ్చినట్టు లేదు. కర్ణాటకలో 2023లో వచ్చిన గృహజ్యోతి బాడుగవాళ్ళకూ వర్తిస్తుంది. అక్కడ కూడా మీటరు వేరుగా ఉంటేనే. మీటరు ఒక్కటైన చోట ధర్మం ఇంటాయన జేబులో ఉంటుంది.

పలకలు వచ్చాక ఏమైంది? మూడు కిలోవాట్లు. మబ్బు లేని రోజున సుమారు పన్నెండు యూనిట్లు. మా వాడకం, వాళ్ళ వాడకం, అన్నీ పోను ఇంకా మిగులుతోంది. గ్రిడ్డు చార్జీ తప్ప బిల్లు ఇంచుమించు సున్నా. వచ్చినవాళ్ళందరికీ ఆ బిల్లు చూపించాను. చూపిస్తూనే ఆ పక్క నెలనెలా కింది నుంచి నాలుగువందల ఎనభై రూపాయలు తీసుకుంటూ వచ్చాను. ఎవరినీ మోసం చేయాలని కాదు. మీటరు చూడడం, ఎనిమిదితో గుణించడం అలవాటైపోయింది, అంతే. అలవాటు అన్న మాట కొంత సాకు కూడా, ఒప్పుకుంటాను. గిరాకీ వేళ కరెంటు గనక ఎనిమిది తీసుకోవచ్చులే అని ఒక రాత్రి సమాధానం చెప్పుకున్నాను. ఆ గిరాకీ ధర నేను ఎవరికీ కట్టలేదు గదా అని వెంటనే తోచింది.

మావాడు బెంగుళూరులో ఉంటాడు. పలకల డబ్బు వాడిదే. ఫోనులో ఈ సంగతి ఎత్తితే, "నాన్నా, మన డబ్బు, మన మిద్దె, మన ఎండ. ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అన్నాడు. మన డబ్బు అన్న మాట ముందు చూశాను. మొత్తం లక్షా తొంభై వేలు. అందులో డెబ్బై ఎనిమిది వేలు 2024లో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకం కింద వచ్చిన సబ్సిడీ. మిద్దె ఉన్నవాడికే వచ్చే సబ్సిడీ అది. సబ్బుబిళ్ళ కొన్నప్పుడల్లా పన్ను కట్టే కింది పోర్షను అమ్మాయి డబ్బు కూడా అందులో ఉంది. మన మిద్దె అన్న మాట సరే. కాని మూడు కిలోవాట్లకు మూడువందల చదరపు అడుగుల దాకా పోయింది. అంతకు ముందు ఆమె బట్టలు అక్కడే ఆరేవి. ఎండాకాలంలో వడియాలు అక్కడే పెట్టేది, రాత్రిళ్ళు పిల్లలు చాపలు పరుచుకుని అక్కడే పడుకునేవారు. ఇప్పుడు బట్టలు సందులో ఆరుతున్నాయి. మేం అడగలేదు, ఆమె అనలేదు. మన ఎండ అన్న మూడో మాటకు నాకు నవ్వు వచ్చింది.

మావాడి డబ్బు తిరిగి రావాలి, అది న్యాయమే. లక్షా పన్నెండు వేలను పలకలు పనిచేసే పాతికేళ్ళ యూనిట్ల మీద పరిచి చూశాను. యూనిట్టుకు రూపాయి పైచిలుకు. వడ్డీ, గ్రిడ్డు చార్జీ, ఎప్పుడైనా ఇన్వర్టరు మార్చే ఖర్చు కలిపినా మూడు రూపాయలు మించదు. పూర్తిగా ఉచితం చేద్దామా అని మా ఆవిడను అడిగాను. "వద్దు. ఊరికే ఇచ్చావంటే ఇక ఆ పిల్ల నల్లా పాడైందని కూడా మనల్ని అడగలేదు" అంది. నాకు ఆ కోణం తోచలేదు. ఈ ఇంట్లో మనుషుల సంగతి నాకన్నా ఆమెకు బాగా తెలుసు. తలుపు మీది కాగితంలో "పన్నెండుకు గ్రైండరు" అన్న వరుసను కూడా ఆమె ఎప్పుడో కొట్టేసింది. పొద్దున తొమ్మిదికే రుబ్బేస్తోంది. తొమ్మిదికి మా పలకల మీద ఎండ సగమే. నేనేమీ అనలేదు.

2025 కార్తీకంలో ఒక ఆదివారం ఆ అమ్మాయిని పిలిచి, ఇక మీద యూనిట్టుకు మూడు రూపాయలు చాలు, రాత్రి ఎప్పుడైనా రుబ్బుకో అని చెప్పాను. లెక్క కూడా చూపించాను. శ్రద్ధగా విన్నది. పిల్లల బట్టలు మళ్ళీ మిద్దె మీద, పలకల పక్కనున్న జాగాలో ఆరేసుకోవచ్చా అని అడిగింది. ఆరేసుకోమన్నాను, పలకల మీద నీడ పడకుండా చూసుకోమన్నాను.

"మూడు రూపాయలు ఎప్పటి నుంచి పెదనాయనా?" అంది.

"ఈ నెల నుంచే" అన్నాను.

తల ఊపి వెళ్ళిపోయింది. పద్నాలుగు నెలలు, నెలకు అరవై యూనిట్లు, యూనిట్టుకు ఐదు రూపాయలు ఎక్కువ. నాలుగువేల రెండువందలు. డైరీలో రాసుకున్నాను. మావాడికి ఇంకా చెప్పలేదు.